చిలుములో చరిత్ర: చైనా పాత లోహపాత్రల గుర్తింపు, సంరక్షణ

పాత చైనా కంచుపాత్ర ఒకటి చేతికి వస్తే రెండు ప్రశ్నలు పుడతాయి. ఇది అసలుదేనా? దీన్ని పాడవకుండా ఎలా చూసుకోవాలి? మొదటిదానికి కళాచరిత్రకారులనూ, రెండోదానికి రసాయనశాస్త్రం తెలిసినవాళ్లనూ అడగడం అలవాటు. పుస్తకాలు కూడా చాలావరకు అలా విడివిడిగానే వచ్చాయి. వందేళ్లుగా పోగైన పరిశోధనను ఒక్కచోట పెట్టి చూస్తే మాత్రం ఈ రెండూ ఒకే ప్రశ్న అని తేలుతుంది. పాత్ర వయసు చెప్పే సాక్ష్యంలో ఎక్కువ భాగం దాని ఒంటిమీదే ఉంటుంది: చిలుము పొరల్లో, మూస అతుకుల గీతల్లో, అడుగున అంటుకున్న మట్టిలో. శుభ్రం చేసే చెయ్యి మొదట తుడిచేసేదీ వాటినే.

తెలుగిళ్లలో ఈ మాట కాస్త గట్టిగానే చెప్పాలి. రాగి, ఇత్తడి సామాను చింతపండు, ఉప్పు వేసి తళతళలాడేలా తోమడం మనకు శుభ్రతే కాదు, శుభం కూడా. రోజూ వాడే బిందెకూ, పూజగదిలో కుందికీ అది తగిన పద్ధతే. వేల ఏళ్లు మట్టిలో ఉండి వచ్చిన కంచుకు మాత్రం దానంత చేటు మరొకటి లేదు. కారణం రసాయనశాస్త్రంలో ఉంది. అక్కడికి వెళ్లేముందు గుర్తింపు సంగతి చూద్దాం.

ఒక పేరు, ఎన్నో లోహాలు

చైనా లోహపాత్రలన్నిటినీ ఒకే గాటన కట్టలేం. షాంగ్ (క్రీ.పూ. సుమారు 1600–1046), ఝౌ రాజవంశాల కాలంలో పితృదేవతల ఆరాధనకు పోతపోసిన కంచుపాత్రలది ఒక ప్రపంచం. హాన్ కాలపు అద్దాలు, బంగారు పూత దీపాలు. తాంగ్ కాలపు వెండి గిన్నెలు. మింగ్, చింగ్ కాలాల ధూపపాత్రలు, రాగి మీద ఎనామిల్ పనితనం. 18, 19 శతాబ్దాల్లో విదేశీయుల కోసం చేసిన వెండి సామాను, ప్యూటర్ టీపాత్రలు. వీటిలో ప్రతిదానికీ మిశ్రమలోహం వేరు, తయారీ వేరు, చెడిపోయే తీరు వేరు.

మన ఇళ్లకు దగ్గరగా వచ్చినది ఇందులో ఒకటుంది. యున్నాన్ ప్రాంతపు గనుల ఖనిజంతో రాగి, నికెల్, జింక్ కలిపి చైనావాళ్లు వెండిలా మెరిసే ఒక లోహం చేసేవారు. పాక్‌టాంగ్ పేరుతో అది 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌కు చేరి కొవ్వొత్తి స్తంభాలైంది. దాన్ని అనుకరించే ప్రయత్నం 1820ల్లో జర్మనీలో ఫలించింది. నేడు వ్రతాలకూ, పేరంటాలకూ మనం కొనే ‘జర్మన్ సిల్వర్’ పుట్టుక అదే. అందులో వెండి లేనట్టే పాక్‌టాంగ్‌లోనూ లేదు. పాత పాక్‌టాంగ్ వస్తువును వెండి అనుకుని కొనేవాళ్లు, జర్మన్ సిల్వర్ అనుకుని వదిలేసేవాళ్లు ఇద్దరూ ఉన్నారు.

కంటితో చదివినవాళ్లు

పాత కంచును శాస్త్రీయంగా చదవడం మొదలుపెట్టింది చైనావాళ్లే. సోంగ్ కాలంలో ల్యూ దాలిన్ 1092లో ‘కావ్‌గూ తూ’ అనే బొమ్మల జాబితా కూర్చాడు. ఆ తర్వాత హ్వీజోంగ్ చక్రవర్తి కొలువులోని సేకరణకు 800కు పైగా వస్తువులతో మరో జాబితా తయారైంది. పాత్ర ఆకారం, కొలతలు, మీద ఉన్న శాసనం: ఈ మూడూ వాళ్లకు ఆధారం. ఇప్పటికీ పాత్రల పేర్లలో చాలావరకు వాళ్లు స్థిరపరచినవే. అయితే ఆ జాబితాలు రెండు పనులు చేశాయి. పండితులకు కొలబద్ద ఇచ్చాయి, అనుకరించేవాళ్లకు నమూనాలూ ఇచ్చాయి. సోంగ్, మింగ్ కాలాల్లో పాత ఆకారాల్లో కొత్త పాత్రలు విరివిగా పోతపోశారు. వాటిని మోసం కోసమే చేశారనలేం. పూర్వుల పద్ధతిని గౌరవించడానికి చేసినవే ఎక్కువ. కొన్ని వందల ఏళ్లు గడిచాక వాటిమీదా అసలైన చిలుము పట్టింది. చిక్కు అక్కడే మొదలైంది.

20వ శతాబ్దంలో ఐరోపా పండితులు అలంకరణ శైలి మీద దృష్టి పెట్టారు. స్వీడన్‌కు చెందిన బెర్న్‌హార్డ్ కార్ల్‌గ్రెన్ 1930ల్లో నగిషీలను వర్గాలుగా విడదీశాడు. మాక్స్ లోర్ 1953లో మరో దారి చూపాడు. పాత్రల మీద ఎదురుగా పెద్ద కళ్లతో చూసే మృగముఖం ఉంటుంది. దాన్ని తావ్‌తియె అంటారు. మన గుడుల తోరణాల మీది కీర్తిముఖాన్ని తలపిస్తుంది. అది సన్నని గీతల నుంచి క్రమంగా ఉబ్బెత్తు శిల్పంగా అయిదు దశల్లో ఎదిగిందని లోర్ వాదన. అప్పటికి దానికి తవ్వకాల ఆధారం లేదు. తర్వాత జెంగ్‌ఝౌ తవ్వకాల్లో తొలి దశల శైలి పాత్రలు షాంగ్‌ల చివరి రాజధాని అన్‌యాంగ్ కంటే పాత పొరల్లో బయటపడ్డాయి. లోర్ చెప్పిన వరుస నిలిచింది. అన్ని దశలనూ ఆయన అన్‌యాంగ్ కాలంలోనే ఇరికించడం మాత్రం నిలవలేదు. కంటితో చదవడంలోని బలమూ పరిమితీ ఈ ఒక్క ఉదంతంలోనే కనిపిస్తాయి. అది వరుస చెప్పగలదు, ఏడాది చెప్పలేదు.

ఏడాదికి దగ్గరగా తీసుకెళ్లేది తవ్వకం. 1976లో అన్‌యాంగ్‌లో బయటపడిన షాంగ్ రాణి ఫూ హావో సమాధి దొంగల చేతికి చిక్కలేదు. అందులో దొరికిన కంచు వస్తువులు 460కి పైనే. ఆమె పేరు పాత్రల మీదా ఉంది, ఆ కాలపు జోస్యం ఎముకల మీదా ఉంది. అలాగే 1978లో హూబే రాష్ట్రంలోని సూయ్‌ఝౌ దగ్గర జెంగ్ రాజ్యాధిపతి యీ సమాధిలో 65 కంచు గంటల వరుస దొరికింది. వాటిలో ఒకదానిమీది శాసనం క్రీ.పూ. 433ను సూచిస్తుంది. అంగట్లో దొరికే పాత్రను ఇలాంటి తేదీ తెలిసిన పాత్రలతో పోల్చి చూడడమే ఈనాటికీ గట్టి పద్ధతి.

పోత పోసిన తీరు చెప్పేది

శైలిని అనుకరించవచ్చు. పని పద్ధతిని అనుకరించడం అంతకంటే కష్టం. నోయెల్ బార్నార్డ్ 1961లో, రూథర్‌ఫర్డ్ గెటెన్స్ 1969లో వెలువరించిన పుస్తకాలు చర్చను ఇటు మళ్లించాయి. గెటెన్స్ వాషింగ్టన్‌లోని ఫ్రీర్ గ్యాలరీ పాత్రలను ప్రయోగశాలలో పరీక్షించాడు.

ఆదిలాబాద్ డోక్రా కళాకారులు మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. షాంగ్ కాలపు పోతగాళ్లు అలా చేయలేదు. ముందు మట్టి నమూనా చేసి, దానిమీద మళ్లీ మట్టి అద్ది, ఆ పొరను ముక్కలుగా కోసి తీసి కాల్చి, మధ్యలో దిమ్మ పెట్టి ముక్కలన్నీ బిగించి లోహం పోసేవారు. 1939లో అన్‌యాంగ్ దగ్గర దొరికిన హౌమూవూ డింగ్ అనే కంచుపాత్ర బరువు 832.84 కిలోలు. అంత పెద్ద పాత్రకూ అదే పద్ధతి. దాని గుర్తులు పాత్రమీద మిగులుతాయి. మూస ముక్కలు కలిసినచోట సన్నని నిలువు గీతలుంటాయి. నగిషీ ఆ గీతల దగ్గర ఆగి మళ్లీ మొదలవుతుంది. మూసకూ దిమ్మకూ మధ్య ఎడం నిలపడానికి పెట్టిన చిన్న కంచు ముక్కలు ఎక్స్‌రేలో కనబడతాయి. మైనం పద్ధతిలో చేసిన నకిలీకి ఈ గీతలు ఉండవు. ఉన్నా అర్థంలేని చోట ఉంటాయి.

మైనం పద్ధతి చైనాలోకి ఎప్పుడు వచ్చిందనేది ఇంకా తెగని వాదన. జెంగ్ అధిపతి సమాధిలోని ఒక జోడు పాత్రమీది అల్లిక పని మైనంతో తప్ప సాధ్యం కాదని ఎక్కువమంది నమ్మారు. కాదు, ముక్కలుగా పోసి అతికారని ఈ శతాబ్దంలో కొందరు చైనా పరిశోధకులు ఎదురు నిలిచారు. అందువల్ల ‘మైనం పోత కనుక నకిలీ’ అనే తీర్పు షాంగ్ పాత్రలకు చెల్లుతుంది. ఆ తర్వాతి కాలాలకు గుడ్డిగా చెల్లదు.

శాసనాల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. అక్షరాలున్న పాత్రకు ధర ఎక్కువ. తైపేలోని మావ్‌గోంగ్ డింగ్ మీద దాదాపు 500 అక్షరాలున్నాయి. ఈ ఆశతోనే 19వ శతాబ్దంలో నిజంగా పాతవైన ఖాళీ పాత్రల మీద కొత్తగా అక్షరాలు చెక్కారు. పాత్ర అసలు, శాసనం నకిలీ. పోతలోనే వచ్చిన అక్షరం గాడిలోకి చిలుము సహజంగా దిగి ఉంటుంది. ఉలితో చెక్కిన అక్షరం పాత చిలుమును కోసుకుంటూ పోతుంది. పాత్రను తోమేస్తే ఈ తేడా ఎవరికీ కనబడదు.

యంత్రం ఏం చెబుతుంది, ఏం చెప్పలేదు

ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ పరికరం పాత్రకు గాయం చేయకుండానే పైపొరలో ఏ లోహాలున్నాయో చెబుతుంది. షాంగ్ కంచులో రాగి, తగరం, సీసం ఉంటాయి. చెప్పుకోదగ్గ పాళ్లలో జింక్ కనిపిస్తే అనుమానించాలి. చైనా నాణేల్లో ఇత్తడి వాడుకలోకి వచ్చింది 16వ శతాబ్దంలోనే. అలాగే పాత బంగారు పూతను పాదరసంతో కలిపి పూసి వేడిచేసేవారు కనుక పాదరసం జాడ మిగులుతుంది. విద్యుత్తుతో పూత వేయడం 1840 తర్వాతి మాట. హాన్ కాలపు పూత అని చెప్పినదానిలో పాదరసం లేకపోతే సందేహం తప్పదు.

ఈ పరికరం చూసేది పైచర్మాన్నే. మట్టిలో ఉన్నప్పుడు పైపొరలో రాగి కొంత కరిగిపోయి తగరం పాలు పెరుగుతుంది. ఆ అంకెలను లోపలి లోహానికి అన్వయిస్తే లెక్క తప్పుతుంది.

కాళ్లలో, పిడుల్లో మిగిలిన మట్టి దిమ్మను థర్మోలూమినిసెన్స్ పరీక్షకు పంపితే అది చివరిసారి ఎప్పుడు కాలిందో అంచనా వస్తుంది. ఇక్కడ వరుస ముఖ్యం. ముందే ఎక్స్‌రే తీస్తే ఆ కిరణాల మోతాదు మట్టిలో చేరి ఈ లెక్కను తారుమారు చేయగలదు. మట్టి నమూనా ముందు తీయాలి, ఎక్స్‌రే ఆ తర్వాత. ‘లోపల మట్టి ఉంది’ అని బుద్ధిగా కడిగేసినవాళ్లు ఈ సాక్ష్యాన్ని మురుగుకాలువలో పోసినట్టే.

ముద్రలను నమ్మొచ్చా?

తర్వాతి కాలపు వస్తువుల్లో అడుగున ఉన్న ముద్రే అందరూ చూసేది. నమ్మకూడనిదీ అదే. మింగ్ వంశపు ష్వాన్‌ద చక్రవర్తి (1426–1435) పేరు ఉన్న ధూపపాత్రలు ప్రపంచమంతటా కొల్లలు. సయాం రాజు పంపిన లోహంతో 1428లో చక్రవర్తి వాటిని చేయించాడని కథ. ఆ కథ చెప్పే గ్రంథమే తర్వాతి కల్పన కావచ్చని పండితుల అనుమానం. ఆ కాలపుదేనని అందరూ ఒప్పుకున్న పాత్ర దాదాపు లేదు. ముద్ర ఉన్నవాటిలో అత్యధికం 17, 18 శతాబ్దాలవీ, ఆ తర్వాతివీ. అలాగని పనికిమాలినవి కావు. చింగ్ కాలపు మంచి ధూపపాత్ర బరువు, నునుపు, తేనె రంగు మెచ్చుకోదగ్గవే. రోజ్ కెర్ 1990లో రాసిన పుస్తకం ఈ తర్వాతి కంచులకు తగిన స్థానం కల్పించింది. అంతకుముందు వాటిని చిన్నచూపు చూసేవారు.

రాగి తీగలతో గళ్లు కట్టి రంగుల గాజుపొడి నింపి కాల్చే క్లాయ్‌జొనే పనిదీ ఇదే కథ. జింగ్‌తాయ్ (1450–1457) కాలం పేరే ఈ కళకు చైనాలో స్థిరపడింది. అందుకే ఆ ముద్ర వేరే కాలపు వస్తువుల మీదకూ ఎక్కింది. ఇక్కడ ముద్ర కంటే రంగు నిజం చెబుతుంది. గులాబీ ఎనామిల్ కనిపిస్తే అది సాధారణంగా 18వ శతాబ్దానిదో, ఆ తర్వాతిదో.

ఎగుమతి వెండిలో మాత్రం ముద్రలు ఎక్కువ సాయపడతాయి. తొలిరోజుల్లో కాంటన్ పనివాళ్లు ఇంగ్లిషు ముద్రలను పోలిన గుర్తులు కొట్టేవారు. అందుకే అలాంటి వస్తువులు ఇంగ్లండ్‌వేనని చాలాకాలం చలామణీ అయ్యాయి. తర్వాత దుకాణాల పేర్ల పొడి అక్షరాలు వచ్చాయి. ‘డబ్ల్యూహెచ్’ అంటే వాంగ్ హింగ్. పక్కన ‘90’ అంటే వెండి 90 శాతం.

చిలుము: మంచిదీ చెడ్డదీ

చిలుమంతా ఒకటి కాదు. సహజంగా పట్టిన చిలుములో లోహానికి ఆనుకుని ఎర్రని క్యూప్రైట్, దానిపైన ఆకుపచ్చ మాలకైట్, అక్కడక్కడ నీలి అజురైట్ వరుసగా ఉంటాయి. అవి గట్టిగా, లోహంలో నాటుకుని ఉంటాయి. జిగురుతో అతికించిన నకిలీ చిలుములో ఈ వరుస ఉండదు. అతినీలలోహిత కాంతిలో జిగురు వెలుగుతుంది. అసిటోన్ తగిలితే మెత్తబడుతుంది. అయితే పరీక్ష పేరుతో ఇంట్లో అసిటోన్ రుద్దవద్దు. పాత మరమ్మతులూ దానితో ఊడతాయి.

చెడ్డ చిలుమును కంచు జబ్బు అంటారు. లేత ఆకుపచ్చ పొడి మొటిమల్లా లేచి, దులిపితే రాలి, కొద్ది రోజుల్లో మళ్లీ లేస్తుంది. లోపల దాగిన రాగి క్లోరైడు తేమతో, గాలితో కలిసి ఆమ్లం పుట్టిస్తుంది. ఆ ఆమ్లం మరింత రాగిని తిని మళ్లీ క్లోరైడు చేస్తుంది. ఈ చక్రానికి కావలసింది ఉప్పూ, తేమా, గాలీ మాత్రమే. చింతపండు, ఉప్పు ఎందుకు చేటో ఇప్పుడు అర్థమవుతుంది. పులుపు మంచి చిలుమును కరిగిస్తుంది. ఉప్పు జబ్బుకు విత్తనం వేస్తుంది.

దీనికి చికిత్స మీద మూడు ధోరణులున్నాయి. చైనా అంగళ్లలోని పాత పనివాళ్లు విరిగినదాన్ని అతికి, పైన కొత్త చిలుము వేసి మచ్చలేకుండా చేసేవారు. చూపుకు బాగుంటుంది, ఏది పాతో ఏది కొత్తో తెలియదు. 20వ శతాబ్దం తొలి సగంలో పాశ్చాత్య ప్రయోగశాలలు విద్యుత్తుతో, రసాయనాలతో చిలుమంతా ఊడ్చేశాయి. జబ్బుతోపాటు చరిత్రా పోయింది. నేటి ధోరణి వీలైనంత తక్కువగా ముట్టుకోవడం. 1967లో మాడ్సెన్ ప్రతిపాదించిన బెంజోట్రయజోల్ రాగిమీద పొరకట్టి జబ్బును అడ్డుకుంటుంది. కానీ అది క్లోరైడును తీసేయదు. ఆరోగ్యానికి మంచిది కాదన్న అనుమానమూ ఉంది కనుక అది శిక్షణ పొందినవాళ్ల పని.

మందు కంటే పొడి వాతావరణం ముఖ్యమన్నది ఇప్పుడు దాదాపు ఏకాభిప్రాయం. గాలిలో తేమ 42–46 శాతం దాటనీయవద్దని డేవిడ్ స్కాట్ 1990లో సూచించాడు. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో గాలి ఏడాదిలో ఎక్కువ రోజులు అంతకంటే చాలా తేమగా ఉంటుంది, పైగా ఉప్పుగాలి. అక్కడ అద్దాల బీరువా చాలదు. గాలి చొరబడని పాలిప్రొపిలీన్ డబ్బా, అందులో సిలికాజెల్, చిన్న తేమ కొలమానం కావాలి. జెల్ రంగు మారినప్పుడల్లా వేడిచేసి మళ్లీ పెట్టాలి.

ఒక్కో లోహానికి ఒక్కో మర్యాద

వెండి నల్లబడేది గాలిలోని గంధకంతో. ఉన్ని, రబ్బరు బ్యాండ్లు దగ్గర ఉంచకూడదు. విబూదితోనో టూత్‌పేస్టుతోనో రుద్దిన ప్రతిసారీ కొంత వెండి పోతుంది. ఎగుమతి వెండి మీది డ్రాగన్లు, వెదురాకుల సందుల్లోని నలుపు బొమ్మకు లోతునిస్తుంది. ముంచి తీసే ద్రావకాలు దాన్నీ తినేస్తాయి. మెత్తని నూలుగుడ్డతో తుడిచి, మూతపడే సంచిలో పెడితే తోమే అవసరమే తగ్గుతుంది.

ప్యూటర్ టీపాత్రల్లో తగరంతోపాటు సీసం ఉండే అవకాశముంది కనుక వాటిలో టీ తాగవద్దు, పులుపు అసలే వద్దు. కొత్త చెక్క బీరువాల నుంచి, ఎండీఎఫ్ పలకల నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తెల్లగా పొడి చేస్తుంది. క్లాయ్‌జొనేను నీళ్లలో నానబెట్టకూడదు. పగుళ్లలోంచి నీరు దిగి కింది రాగి ఉబ్బితే ఎనామిల్ పెచ్చులూడుతుంది. బంగారు పూత వస్తువును ఏ పొడితోనూ తోమరాదు.

ఇనుముకు పాఠం హెబె రాష్ట్రంలోని త్సాంగ్‌ఝౌ సింహం. 953లో పోసిన ఈ ఇనుప సింహం ఎత్తు అయిదు మీటర్ల పైమాట. 1950ల్లో అది వానకు తడవకుండా మండపం కట్టారు. కింద తేమ నిలిచి తుప్పు పెరగడంతో మండపాన్ని తీసేశారు. 1984లో ఎత్తైన రాతి పీఠం మీదికి మార్చి, కాళ్లలో గంధకపు మిశ్రమం నింపారు. అది ఉబ్బి పగుళ్లు తెచ్చింది. వెయ్యేళ్లు ఎండావానలకు తట్టుకున్నది, మంచి మనసుతో చేసిన పనులకు తట్టుకోలేకపోయింది. సంరక్షణ చరిత్రలో పెద్ద నష్టాలు నిర్లక్ష్యం వల్ల కంటే తొందరపాటు వల్ల వచ్చినవే ఎక్కువ అనిపిస్తుంది.

చేతులు మారిన దారి

పాత్ర ఎవరి దగ్గర నుంచి వచ్చిందన్నదీ గుర్తింపులో భాగమే. హూనాన్‌లో 1919లో దొరికిన మిన్ ఫాంగ్‌లే పాత్ర మూత అక్కడే మిగిలింది, ఒళ్లు విదేశాలకు వెళ్లింది. 2014లో రెండూ మళ్లీ కలిశాయి. 1860లో బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాలు బీజింగ్ వేసవి ప్రాసాదాన్ని దోచినప్పుడు పోయిన కంచు జంతుశిరస్సుల్లో ఎలుక, కుందేలు 2013లోనూ, గుర్రం 2019లోనూ తిరిగి వచ్చాయి. ఆ యుద్ధంలో మద్రాసు సాపర్స్ దళాలూ ఉన్నాయి. కనుక దక్షిణభారతంలో పాత చైనా వస్తువు కనిపిస్తే అది ఓడ వర్తకంతో వచ్చిందా, సైన్యంతో వచ్చిందా అని అడగడం సబబే.

చైనా 1911కు ముందరి వస్తువుల ఎగుమతిని 2007 నుంచి నిషేధించింది. మన 1972 పురావస్తువుల చట్టమూ వందేళ్లు దాటిన కళావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి ఒప్పుకోదు. కాగితాలు లేని ‘షాంగ్ పాత్ర’ నకిలీ కాకపోతే దొంగసొత్తు కావచ్చు. రెండింటిలో ఏదైనా కొనదగ్గది కాదు. పోల్చి చూసి కన్ను అలవాటు చేసుకోవాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని చైనా విభాగం మంచి చోటు. చికిత్స అవసరమైతే లఖ్‌నవూలోని జాతీయ సాంస్కృతిక సంపద పరిరక్షణ పరిశోధనాలయం వంటి సంస్థల సలహా తీసుకోవచ్చు.

తేలినదేమిటి?

శైలి, తయారీ, తవ్వకం, ప్రయోగశాల: ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా తీర్పు చెప్పలేదు. నాలుగూ ఒకే వైపు చూపినప్పుడే నమ్మకం కుదురుతుంది. సంరక్షణలోనూ అంతే, లోహాన్ని గుర్తుపట్టకుండా మందు వేయలేం. ఆచరణకు వస్తే వరుస ఇది: పొడి చేత్తో లేదా చేతి తొడుగుతో, పిడి పట్టకుండా అడుగు పట్టి ఎత్తాలి. అన్ని వైపులా, అడుగున, లోపల ఫొటోలు తీయాలి. బరువు, కొలతలు రాసుకోవాలి. మెత్తని కుంచెతో దుమ్ము మాత్రం దులపాలి, మట్టిని కదపకూడదు. పొడిచోట పెట్టి కొన్ని వారాలు గమనించాలి. లేత ఆకుపచ్చ పొడి రాలకపోతే చేయాల్సింది అంతకంటే లేదు.

కొనేవాళ్లు అమ్మేవారిని అడిగే మొదటి ప్రశ్న సాధారణంగా ‘ఎంత పాతది?’ అని. దానికంటే ముందు అడగాల్సింది ‘దీన్ని ఎవరైనా, ఎప్పుడైనా, దేనితో శుభ్రం చేశారా?’ అని. ఆ జవాబును బట్టే మిగతా జవాబులకు విలువ.